బీట మీద గాజు

అక్వవెల్లా ప్యాలెస్‌లో బీట పైనుంచి మొదలవుతుంది. యుద్ధం తర్వాత డాబా మీద కాంక్రీటుతో లేపిన అంతస్తులో అది వెంట్రుకంత ఉంటుంది. అక్కణ్నుంచి దిగి, మూడు వందల ఏళ్ల కిందట గీసిన బొమ్మలో ఒక గుర్రం మెడను కోసుకుంటూ వచ్చి, నున్జియాత పొయ్యి వెనకగా పోయి, ఆమె నేల కిందికి జారి, ఫోటోగ్రాఫర్ పిన్యలోజా స్టూడియోలో తేలుతుంది. అతను దాని మీద తెర వేలాడదీశాడు. మళ్లీ కింద వాకిట్లో, రాతి కమాను పక్కన కనిపిస్తుంది. ఆ కమాను ప్యాలెస్ కంటే పాతది. కమాను కింద ఉన్న బురుజు రాళ్లు కమాను కంటే పాతవి. అక్కడ బీట ఆగిపోతుంది, లేదా మా కంటికి కనిపించడం మానేస్తుంది.

నున్జియాత గది నిజానికి గది కాదు, ఒక హాలులో పై సగం. 1688 భూకంపంలో పాత ఇల్లు కూలాక అక్వవెల్లా దొరలు బురుజును, కమానును అలాగే ఉంచి, చౌక్ వైపు కొత్త ముఖం కట్టించారు. ఆ ముఖం వెనక రెండంతస్తుల ఎత్తున ఒక హాలు వేశారు. హాలు కప్పు మీద సూర్యుడి కొడుకు తండ్రి రథం తోలబోయి పడిపోయే బొమ్మ గీయించారు. నూట యాభై ఏళ్లకు వాళ్ల మనవల మనవలు ఆ హాలును అడ్డంగా కోశారు. గోడ నుంచి గోడకు చెస్ట్‌నట్ దూలాలు దూర్చి మధ్యలో ఒక నేల పరిచి, కింది సగం ఒకరికి, పై సగం ఒకరికి అద్దెకిచ్చారు. అప్పుడు కిటికీలు కూడా సగమయ్యాయి. నున్జియాత గదిలో కిటికీ నేల దగ్గర మొదలై ఛాతీ ఎత్తులో ముగుస్తుంది. చౌక్‌ను చూడాలంటే నేల మీద కూర్చోవాలి. మంచం మీద నిలబడి చెయ్యి చాపితే గుర్రం డెక్క తగులుతుంది.

ఆమె గ్లౌజులు కుడుతుంది. వెలుగు నేల దగ్గరే పడుతుంది కాబట్టి మిషను కాళ్లు కోయించుకుంది, పీట మీద కూర్చుని కుడుతుంది. సనితా పేటలోని ఒక కార్ఖానా తోలు కత్తిరించి పంపుతుంది, ఆమె వేళ్లు కలిపి కుట్టి పంపుతుంది. ఒక చేతిది వేరేవాళ్లు కుట్టి ఉంటే, రెండో చేతిది తేడా తెలియకుండా అదే కుట్టుతో కుట్టగలదు. భర్త సబతీనో ట్రాము నడిపేవాడు. మోకాళ్లు పోయాక ఇంట్లో ఉంటున్నాడు.

1980లో భూకంపం వచ్చినప్పుడు ప్యాలెస్ నిలబడింది. వాకిట్లో మునిసిపాలిటీ వాళ్లు ఇనప గొట్టాలతో పరంజా కట్టిపోయారు, తీయడానికి మళ్లీ రాలేదు. ఆడవాళ్లు దాని మీద బట్టలారేశారు, తులసి కుండీలు పెట్టారు. బీట మాత్రం పొద్దుపోని మనిషిలా అటూ ఇటూ కదులుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో కాదు, పిన్యలోజాయే. అందుకని మునిసిపాలిటీ నుంచి లోఫ్రేదో అనే ఆర్కిటెక్టు వచ్చింది. సలెర్నో నుంచి వచ్చిన మనిషి, ముప్ఫై దాటి ఉండవు. ఆమెను ప్యాలెస్‌లో అందరూ ఇంజినీరమ్మ అన్నారు. ఒకటి రెండుసార్లు దిద్దింది, తర్వాత వదిలేసింది.

ఇంజినీరమ్మ బీట మీద గాజు పెట్టింది. బీటకు అటొక ముద్ద ఇటొక ముద్ద ప్లాస్టరు పెట్టి, రెంటినీ కలుపుతూ వేలెడు గాజు బద్ద అతికించి, తడి ప్లాస్టరులో మేకుతో తారీఖు గీసింది. మిగతా చోట్ల బీట మీద ఎవరికి తోచింది వాళ్లు పూసేశారు. గోడ గోడలా మిగిలింది నున్జియాత పొయ్యి వెనకే.

“గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజు వంగదు కదా,” అంది.

దాన్ని మా దగ్గర వేగు అంటారు. గోడ ఏం చేస్తోందో కనిపెట్టి చెప్పేది. ఆమె నెలనెలా మొదటి మంగళవారం వచ్చి, స్టూలెక్కి, వేలితో తడిమి దిగేది.

“ఇంజినీరమ్మా, మా ఆవిడ వెంట నేను కూడా ఇన్నిసార్లు తిరగలేదు,” అన్నాడు సబతీనో ఒకసారి. “ఇంకెన్నాళ్లు చూస్తారు దాన్ని?”

“అది మాట్లాడేదాకా.”

“మాట్లాడకపోతే?”

“మాట్లాడకపోతే మీకూ నాకూ మంచిది.”

మాట్లాడితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. సబతీనో చెల్లెలు తితీనా ఎనభైలో ఇల్లు ఖాళీ చేసింది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి కొన్ని వారాలు అన్నారు. ఐదేళ్లు దాటింది, ఊరి చివర ఇళ్లు పోయినవాళ్లకిచ్చిన ఇనప డబ్బాలో ఉంటోంది. ఆమె పాత ఇంటి తలుపుకు ఇటుకలు పేర్చేశారు.

నున్జియాతకు ఇంకో భయం కూడా ఉంది. పిన్యలోజాకు హాలు మొత్తం కావాలి. కాఫీ కొట్టు దగ్గర ఆ మాట దాచకుండా అనేవాడు. ఆ కప్పు కింద పెళ్లికూతుళ్లను నిలబెట్టి ఫోటో తీస్తే కజేర్తా నుంచి కూడా జనం వస్తారని, మధ్యలో ఆ నేల ఒక్కటే అడ్డమని, కట్టినవాళ్లు చూస్తే ఏడుస్తారని అనేవాడు. గాజు పగలడమంటే పిన్యలోజా కోరిక తీరడమేనని నున్జియాత లెక్క.

ఎనభై ఆరులో ఈస్టర్ ముందు వారం, ఇల్లు దీవించడానికి ఫాదర్ వస్తాడని ఆమె గోడలు దులిపింది. పొయ్యి వెనక బీటను కప్పిన మడోన్నా దెల్లార్కో పటం, మరియమ్మ పటం, తీసి, చీపురు చివర గుడ్డ కట్టి బీట చుట్టూ తుడిచింది. పటం తిరిగి తగిలించబోతూ చూస్తే గాజు మధ్యలో విరిగి ఉంది.

“చీపురు తగిలింది,” అంది.

“గట్టిగా తగిలిందా?” అన్నాడు సబతీనో.

“నాకు తెలియలేదు.”

“తగిలితే తెలియకుండా ఎట్లా ఉంటుంది?”

“నువ్వు ట్రాముతో ఆ చేపల బండిని గుద్దినప్పుడు నీకు తెలిసిందా?”

నున్జియాత సందులో అద్దాలవాడి దగ్గరికి పోయి కోతముక్కలు అడిగి తెచ్చింది. ఎందుకని అతను అడిగితే తోలు కొలవడానికంది. ప్లాస్టరు తెచ్చి తినే గిన్నెలో కలిపింది. పాత ముద్దలు గీకేసి, కొత్తవి పెట్టి, గాజు అతికించి, ఇంజినీరమ్మ గీసిన తారీఖును ఆమె చేతిరాతలోనే గ్లౌజుల సూదితో గీసింది. ఏడులో అడ్డగీతను కూడా మరిచిపోలేదు. విరిగిన ముక్కలను గుడ్డలో చుట్టి బొత్తాల డబ్బాలో వేసింది. చెత్తలో వేస్తే కాపలాదారు యుజేనియో చూస్తాడు. అతను ప్యాలెస్‌లో అందరి చెత్తా చూస్తాడు.

ఫాదర్ వచ్చి నీళ్లు చల్లి పోయాడు. ఇంజినీరమ్మ వచ్చి వేలితో తడిమి పోయింది.

మే నెలలో గాజు మళ్లీ పగిలింది. ఈసారి చీపురు మూలన ఉంది, నున్జియాత మిషను దగ్గర ఉంది. చప్పుడు ఆమెకు వినబడింది, దారం తెగినంత చప్పుడు. లేచి పటం తీసి చూసింది. సబతీనోకు చెప్పకుండా మార్చింది. ఆ రోజు నుంచి ఆమెకు కుదురు పోయింది. నాలుగు కుట్లు వేసి లేచేది, పటం ఎత్తి చూసేది, కూర్చునేది. చౌక్‌లో బస్సు తిరిగితే అలమరలో కప్పులు మోగేవి, మళ్లీ లేచేది. కార్ఖానా వాళ్లు ఒక జత తిప్పి పంపారు, బొటనవేలు తిరగేసి కుట్టిందని.

“నున్జియా, మడోన్నాకు ఊపిరాడనివ్వు,” అన్నాడు సబతీనో. “రోజుకు ఎన్నిసార్లు దింపుతావు ఆమెను?”

జూన్ మొదట్లో ఇంకోసారి పగిలింది. ఇంకోసారి మార్చింది.

ఆ నెల చివర పిన్యలోజా ఒక జత తెల్ల గ్లౌజులు కావాలని కబురంపాడు. గ్లౌజులు మరిచిపోయి వచ్చే పెళ్లికూతుళ్లకు ఇవ్వడానికి. నున్జియాత కుట్టి పట్టుకుని కిందికి దిగింది. స్టూడియోలోకి ఆమె పోయి రెండేళ్లయింది.

“రండి డోన్నా నున్జియా,” అన్నాడతను. “మీ కాళ్ల కింద ఏం జరుగుతోందో చూసిపోండి.”

ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆమెకు గుర్తున్న గది సగం ఉండేది. మధ్యలో ఒక గోడ, దానికి క్యాలెండరు, చేతులు కడుక్కునే తొట్టి. ఇప్పుడు గది చివరిదాకా కనిపిస్తోంది. ఆ చివర ఒక పెళ్లికూతురు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది, ఆమె తల్లి ముసుగు సర్దుతోంది. నున్జియాత తల పైకెత్తి చూసింది. దూలాల మీద అడ్డంగా ఒక పట్టీ. దానికి అటూ ఇటూ మసి, ఆ పట్టీ మేర మాత్రం మసి లేదు.

“ఇక్కడ గోడ ఉండాలి,” అంది.

“ఉండేది. పళ్ల డాక్టరు ఒకాయన వేయించాడు, నల్లచొక్కాల ఫాసిస్టుల రోజుల్లో. అటు కుర్చీ, ఇటు తమ వంతు కోసం వణుకుతూ కూర్చునేవాళ్లు. దానికి ఓ వయసా, ఓ అందమా? నా మామగారి కంటే చిన్నది.”

“ఎప్పుడు తీశారు?”

“మట్టల ఆదివారం ముందు వారం. మే పెళ్లిళ్లకు చోటు కావాలి కదా.”

“ఇంజినీరమ్మకు చెప్పారా?”

“ఏం చెప్పాలి? ఈ ఇంట్లో తర్వాత వచ్చింది ఏది తీసినా మొదట కట్టినదానికి ఒక అడుగు దగ్గరవుతాం. ఇవాళ ఇది. రేపు మీ...” అని ఆగి, గ్లౌజులు చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు. “కుట్టు బాగుంది. మీ చేతికి తిరుగులేదు.”

నున్జియాత పైకి పోలేదు. వాకిట్లోకి పోయింది. యుజేనియో గొట్టం పట్టుకుని రాళ్లు కడుగుతున్నాడు.

“డాన్ యుజేనియో, ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల్లో సంచులు మోసిందెవరు?”

“ఏ సంచులు?”

“మెట్ల మీద తెల్లదుమ్ము పడింది. పిండి సంచి చిరిగిందన్నారు మీరు.”

అతను నీళ్లు ఆపాడు. “నేను మొయ్యలేదు. చూశానంతే. చర్చిలో మా మనవరాలి తొలి సత్ప్రసాదం ఫోటోలు ఊరికే తీసిపెట్టాడు, ఆల్బమ్‌తో సహా. నేనేమనగలను? గోడ ఆయనది.”

“ఆ మధ్య ఇంజినీరమ్మ స్టూడియో చూస్తానంటే తాళం మీ దగ్గర లేదన్నారు.”

“ఆ పూటకు లేదు.”

“గోడ ఆయనది. దాని మీద నిలబడ్డ నేల నాది,” అంది నున్జియాత.

ఆమె మెట్లెక్కుతూ లెక్క వేసుకుంది. ఈస్టర్‌కు వారం ముందు మట్టల ఆదివారం, దానికి ముందే గోడ పోయింది. తర్వాతి వారం గాజు పగిలింది. అంటే చీపురు తప్పేమీ లేదు. ఇంకో లెక్క ఆమెను మలుపు దగ్గర నిలబెట్టేసింది. గాజు పగిలిందని మొదటి రోజే చెప్పి ఉంటే, ఇంజినీరమ్మ ఎందుకని వెతికి ఉండేది. వెతికితే కింద గోడ లేదని తేలేది. మూడుసార్లు గాజు మార్చి తను కాపాడింది తన గదిని కాదు, పిన్యలోజాను.

సబతీనోకు మొత్తం చెప్పింది. అతను మంచం అంచున కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ విన్నాడు.

“అయితే?” అన్నాడు.

“చెప్తాను ఇంజినీరమ్మకు.”

“చెప్పు. కొన్ని వారాలే అంటారు. తితీనాను అడుగు, వారానికి ఎన్ని రోజులో.”

“చెప్పకపోతే పడుతుంది.”

“ఇది బురుజుగా ఉన్నప్పటి నుంచి పడుతూనే ఉంది. ఫ్రెంచివాళ్లు వచ్చినప్పుడు పడలేదు, నలభై మూడులో చౌక్‌లో బాంబు పడితే పడలేదు, ఎనభైలో పడలేదు. ఒక ఫోటోలవాడు పళ్ల డాక్టరు గోడ తీసేస్తే పడుతుందా? నోరు మూసుకుని కుట్టుకో నున్జియా.”

ఆ మాటన్న మర్నాడు మధ్యాహ్నం సబతీనో సొరకాయ వేసిన పాస్తా తింటున్నాడు. కప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి పళ్లెంలో పడింది. తిరగేసి చూస్తే డెక్క, దాని పైన కొంచెం కాలు. అతను దాన్ని చెంచాతో పక్కకు జరిపి కాసేపు చూశాడు.

“ముప్ఫై ఏళ్లు దీని కింద పడుకున్నాను,” అన్నాడు. “ఒక్కసారీ తన్నలేదు.”

పళ్లెం పక్కకు నెట్టాడు. “చెప్పు.”

జూలై మొదటి మంగళవారం ఇంజినీరమ్మ వచ్చి స్టూలు కోసం చూసింది. నున్జియాత స్టూలు ఇవ్వలేదు. బొత్తాల డబ్బా బల్ల మీద పెట్టి, మూడు గుడ్డలు విప్పింది. ఒక్కో గుడ్డలో గాజు ముక్కలు, తారీఖున్న ప్లాస్టరు పెళ్లలు.

“గోడ మీద ఉన్నది మీరు పెట్టింది కాదు,” అంది. “ఇది మీది. ఇవి రెండూ నావి. గోడ మీదది కూడా నాదే.”

ఇంజినీరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పెళ్లలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. తన చేతిరాత ఏదో చాలాసేపు తేల్చుకోలేకపోయింది.

“ఎప్పుడెప్పుడు?” అంది.

నున్జియాత చెప్పింది. కింద గోడ సంగతి కూడా చెప్పింది. ఇంజినీరమ్మ లేచి కిందికి పోయింది. యుజేనియో దగ్గర ఈసారి తాళం ఉంది. తిరిగి వచ్చినప్పుడు ఆమె మోచేతులకు మసి ఉంది.

“డోన్నా నున్జియా, నేను ఈ ప్యాలెస్ ప్లాన్లన్నీ చూశాను,” అంది. “ఆ గోడ ఏ ప్లాన్‌లోనూ లేదు. మీ దూలాలు వంగుతుంటే పళ్ల డాక్టరు వాటి కింద నిలబెట్టినట్టున్నాడు. అరవై ఏళ్లలో బరువంతా దాని మీదికి దిగింది. ఇది మీ ఒక్క గది సంగతి కాదు. చౌక్ వైపు గోడను, వాకిలి వైపు గోడను పట్టుకుని ఉంచింది మీ దూలాలే. చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు.”

“అంటే నా నేల అక్కర్లేనిది కాదు.”

“మొదట కట్టిన హాలు నిలబడిందే మీ నేల వల్ల. అది రాసి పెడతాను.” ఆమె గాజుముక్కల వైపు చూసింది. “ఇది కూడా రాయాలి నేను.”

“రాయండి.”

“ఇవాళే ఖాళీ చెయ్యాలి.”

“ఇంజినీరమ్మా,” అన్నాడు సబతీనో, “కొన్ని వారాలు అనకండి. అదొక్కటి అనకండి.”

ఆమె అనలేదు. స్టూడియో నిండా ఆసరా దుంగలు నిలబెడతామంది. కొత్త గాజు పెడతానంది. వచ్చే ఈస్టర్ దాకా అది పగలకుండా ఉంటే గోడ కుదుటపడినట్టు లెక్క. అప్పుడు దూలాల చివర్లకు ఇనప కడ్డీలు బిగించి గది గదిలా ఉంచేస్తారు, వాళ్లు తిరిగి రావచ్చు. పగిలితే దుంగలు కూడా చాలనట్టు. అప్పుడు పైనుంచి బరువు దించాలి. ముందు కాంక్రీటు అంతస్తు, తర్వాత రెండు గోడలనూ వేరే కడ్డీలతో పట్టి ఉంచి ఈ నేల. నేల తీశాక గది ఉండదు, హాలు ఉంటుంది.

కొత్త గాజు పెట్టేటప్పుడు ప్లాస్టరు గిన్నె నున్జియాత పట్టుకుంది. ఇంజినీరమ్మ మేకు కోసం సంచీలో వెతుకుతుండగా, నున్జియాత గుర్తుగా ముద్దలోకి తెల్ల పట్టుదారం ఒకటి నొక్కి, గోరంచంత కొస బయటికి వదిలింది. తను చేసిన పని ఇంకొకరు చెయ్యలేరని ఆమెకు నమ్మకం లేదు. పిన్యలోజా ఆ గాజు పగలగొట్టవచ్చు. పగలగొట్టి భయపడి అతికించవచ్చు. ఎలా చేస్తారో ఆమెకు తెలుసు.

అగ్నిమాపక సిబ్బంది మంచం, మిషను, పెట్టెలు దించారు. పటం కూడా తీయబోతే నున్జియాత వద్దంది. మడోన్నాను గోడ మీదే ఉంచి తలుపు వేసింది. గది ఖాళీగా లేదని ఎవరికైనా తెలియాలి.

తితీనా డబ్బాలో మూడు మంచాలు పట్టాయి, నడవడానికి చోటు పట్టలేదు. వాన పడితే మాటలు వినబడేవి కావు.

“ఇక్కడ గోడలు పగలవు, అదొక సుఖం,” అంది తితీనా మొదటి రోజే. “తుప్పు పడతాయంతే.”

“మా ఆవిడకు పగిలే గోడ కావాలి,” అన్నాడు సబతీనో. “లేకపోతే చేతికి పని తోచదు.”

నున్జియాత కుడుతూ లేచేది. లేచి చూడటానికి ఏమీ లేదు. తలుపు దాకా పోయి తిరిగి వచ్చి కూర్చునేది. నెలనెలా మొదటి మంగళవారం బస్సెక్కి చౌక్‌కు వచ్చేది. వాకిట్లో పిన్యలోజా ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. అతని స్టూడియోలో దుంగలు అడవిలా నిలబడ్డాయి. పెళ్లికూతుళ్లను మెట్ల మీద నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాడు, వెనక పరంజా పడకుండా దుప్పటి కట్టి.

యుజేనియో తాళం తీసేవాడు. ఇంజినీరమ్మ స్టూలెక్కి తడిమేది. ఆమె దిగాక నున్జియాత ఎక్కి పటం సర్దుతున్నట్టు ముద్దలో దారం కొస చూసేది. ఉండేది. ఆగస్టులో ఉంది, క్రిస్మస్ ముందు ఉంది, మార్చిలో ఉంది.

“చూస్తుంటే మీరు మడోన్నాకు చెవిలో ఏదో చెప్తున్నట్టుంది,” అన్నాడు యుజేనియో ఒకసారి.

“మీ చెవిలో చెప్తే ప్యాలెస్ అంతా తెలుస్తుంది.”

“ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ చెప్పడం లేదు డోన్నా నున్జియా. ఆ సంచుల దగ్గర్నుంచి మానేశాను.” అతను తాళం గుత్తి చేతిలో తిప్పుకున్నాడు. “మీరు దిగిపోయిన రోజు నుంచి రాత్రి పడుకుంటే ఆ సంచులు నేనే మోస్తున్నట్టుంటుంది.”

ఏప్రిల్‌లో చివరిసారి చూడాల్సింది మొదటి మంగళవారం కాదు. ఈస్టర్ ఆ నెల మూడో వారంలో పడింది కాబట్టి ఇంజినీరమ్మ దాని ముందు మంగళవారం రమ్మంది. సబతీనో కూడా వస్తానన్నాడు. తితీనా ఈస్టర్‌కు తినే గోధుమల తీపి రొట్టె పస్తియేరా చేసి గుడ్డలో కట్టి ఇచ్చింది, గదిలో కూర్చుని తినండని. అతను మెట్లు ఎక్కలేక మొదటి మలుపు దగ్గర కూర్చుండిపోయాడు.

“మీరు పోండి,” అన్నాడు. “నేను దీనికి కాపలా ఉంటాను.”

యుజేనియో తలుపు తీస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. చలికాలం ఎంత వానో, పక్క వీధిలో బాల్కనీ ఊడిపడిందట, ఇక్కడ మాత్రం ఒక్క పెచ్చు రాల్లేదు, దుంగలు అంటే దుంగలే. ఇంజినీరమ్మ స్టూలు వేసుకుంది. పటం తీసి నున్జియాత చేతికిచ్చి, వేలితో గాజును తడిమింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, మళ్లీ ఒకసారి.

“నిలబడింది,” అంది. “డోన్నా నున్జియా, నిలబడింది. కడ్డీల పని మే నెలలో మొదలుపెట్టిస్తాను.”

“నేను చెప్పలేదూ,” అన్నాడు యుజేనియో.

ఇంజినీరమ్మ దిగింది. నున్జియాత పటం చంకలో పెట్టుకుని స్టూలెక్కింది. తారీఖు ఉంది. ఏడుకు అడ్డగీత ఉంది. కుడి ముద్ద కింది అంచు చూసింది. ఎడమది చూసింది. గోరుతో గీరి చూసింది. దారం లేదు.

ఆమె స్టూలు మీద నిలబడే గదిని చూసింది. నేల మీద వెలుగు, మంచం ఉన్న చోట నాలుగు కాళ్ల గుర్తులు, మిషను ఉన్న చోట నూనె మరక. పైన గుర్రానికి ఒక డెక్క లేదు. కింద యుజేనియో తన బూట్లు చూసుకుంటున్నాడు. అతని కోటు చేతి అంచున, ఉతికినా పోని తెలుపు.

పిన్యలోజా అయితే పగలగొట్టి వదిలేసేవాడు. పగలగొట్టకపోయినా, పగిలింది చూసి సంతోషించేవాడు. అతికించడం అతని పని కాదు.

ఇంజినీరమ్మ బల్ల దుమ్ము తుడిచి కాగితం పరుస్తోంది. కింద మలుపు నుంచి సబతీనో కేకేశాడు. “నున్జియా, పస్తియేరా కొయ్యనా, ఆగనా?”

“ఆగు,” అంది నున్జియాత.

స్టూలు దిగింది. “ఇంజినీరమ్మా, మీరు రాయకండి. ఇది మీరు పెట్టిన గాజు కాదు.”

ఇంజినీరమ్మ కలం పట్టుకుని అలాగే ఉంది. “మళ్లీ మీరేనా?”

“నేను కాదు. నాది మీకు కనిపెట్టడం కష్టం. ఇది చూడండి, ముద్ద అంచు నున్నగా లేదు.”

యుజేనియో టోపీ తీశాడు.

“మీ కోసమే చేశాను డోన్నా నున్జియా,” అన్నాడు. “ఒక్కసారే పగిలింది. ఒక్కసారే. తర్వాత రోజూ చూశాను, మళ్లీ పగల్లేదు.”

“ఎప్పుడు?” అంది ఇంజినీరమ్మ.

“మార్చిలో, సెయింట్ జోసెఫ్ పండుగ మర్నాడు. దుమ్ము దులపడానికి వస్తే విరిగి ఉంది. చీపురు నేను తాకించలేదు, ప్రమాణం చేస్తాను.”

“తెలుసు,” అంది నున్జియాత. “ముక్కలేవి?”

అతను ఎదురు చెప్పకుండా కోటు లోపలి జేబులోంచి చేతిరుమాలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె విప్పింది. రెండు గాజుముక్కలు, ఒక ప్లాస్టరు పెళ్ల. పెళ్లలోంచి తెల్లదారం కొస వేలాడుతోంది. దాన్ని ఇంజినీరమ్మకు ఇచ్చింది.

“పళ్ల డాక్టరు గోడ మళ్లీ కట్టలేరా?” అని అడిగింది.

“ఇప్పుడు కట్టినా బరువు దాని మీదికి రాదు. అలా కూర్చోవడానికి దానికి అరవై ఏళ్లు పట్టింది.” ఇంజినీరమ్మ పెళ్లను తిప్పి చూసి బల్ల మీద పెట్టింది. “నేను ఇది చూడకుండా కడ్డీలు బిగించి ఉంటే, మిమ్మల్ని లోపల పెట్టి బిగించి ఉండేదాన్ని.”

“నేల తీశాక బొమ్మ మొత్తం కనిపిస్తుందా?”

“కనిపిస్తుంది. కింద నిలబడి చూస్తే.”

“కింద నిలబడితే డెక్క లేదని తెలియదు,” అంది నున్జియాత.

పటం వేలాడిన మేకును ఆమె గోడలోంచి ఊడదీసి యుజేనియోకు ఇచ్చింది. మడోన్నాను కొంగులాంటి శాలువా కొసలో చుట్టుకుని మెట్లు దిగింది. మలుపు దగ్గర సబతీనో గుడ్డ ముడి సగం విప్పి కూర్చుని ఉన్నాడు. ఆమె చంకలో పటం చూసి ముడి మళ్లీ వేశాడు.

“డబ్బాలోనే తిందాం,” అన్నాడు. “తితీనాకు కూడా ఒక ముక్క ఉంటుంది.”

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని లేపింది. పైన తలుపు దగ్గర ఇంజినీరమ్మ నేల దించేదాకా ఇంకో గాజు ఉండాలని యుజేనియోను ఇంకో గిన్నెడు ప్లాస్టరు కలపమంటోంది.